ఎండ తిన్న ఉత్తరం

ఎండ పడింది.

పెరట్లో పరిచిన పాత దుప్పటి మీద, గింజల మీద, కాగితాల మీద — ఎండ పడింది.

ముందు వాసన లేచింది. వేడెక్కిన గింజల వాసన. బూడిద వాసన. ఆ రెండింటి అడుగున, ఎంతో సన్నగా, పాత కాగితం వాసన. ఆ మూడూ కలిస్తే తప్ప ఆమెకు వేసవి వచ్చినట్టు ఉండదు.

గోడ నీడలో పీట వేసుకుని కూర్చుంది. దుప్పటికి ఎడమ పక్కన విత్తనాలు. కుడి పక్కన ఉత్తరాలు. ఒక్కో ఉత్తరం మీద ఒక్కో గులకరాయి. గాలి వస్తే గింజలు కదలవు. ఉత్తరాలు మాత్రం రాళ్ల కిందినుంచే ఎగరాలని చూస్తాయి... ఆమె చెయ్యి చాపి ఆపుతుంది. అల్లరి పిల్లల్ని ఆపినట్టు, తల తిప్పకుండానే ఆపుతుంది.

ఇంట్లో ఆమె పేరు ఎండమ్మ.

మొగుడు పెట్టిన పేరు. కంటికి కనబడిందల్లా ఎండలో పెడుతుందని. పరుపులు, చెప్పులు, గొడ్డలి పిడి, గొడుగు. ఓసారి వానలో తడిసొచ్చిన ఆయన్ని కూడా పెరట్లో నిలబెట్టి, అటు తిరగండి, ఇటు తిరగండి అందని ఇప్పటికీ చుట్టాలంతా చెప్పుకుని నవ్వుతారు. ఆమె కూడా నవ్వుతుంది. కాదనదు, ఎందుకంటే అది నిజమే.

కానీ ఈ ఒక్క పని దగ్గర ఎవరూ ఆమెతో పరాచికాలాడరు.

తొలి వానకు ముందు, ఎండ బాగా ముదిరిన రోజు చూసి, అటక మీది విత్తనాల కుండ దించాలి. మూతికి కట్టిన గుడ్డ విప్పాలి. అడుగున బూడిద. బూడిద మీద గింజలు. గింజల నడుమ, గుడ్డలో చుట్టి, కాగితాలు. రెండూ కలిపి ఆరబెట్టాలి. నడినెత్తికి పొద్దు వచ్చాక ఓసారి తిరగెయ్యాలి. సాయంత్రం చల్లబడ్డాక, విత్తడానికి కావలసినన్ని గింజలు తీసి, మిగతావి మళ్లీ కుండలోకి. మళ్లీ ఏడాది దాకా కుండ మూత తియ్యకూడదు.

అత్తగారు అలా చేసేది. ఆవిడకు వాళ్ల అత్తగారు నేర్పింది. ఆవిడకు వాళ్ల అత్తగారు...

రైతు ఇల్లు. దాచుకోవడం అంటే విత్తనాన్ని దాచుకున్నట్టు దాచుకోవడమే. వాళ్లకు వేరే పద్ధతి తెలియదు.

ఏముంటాయి ఆ కాగితాల్లో? తాతల తాతలనాటి సంగతులు. కౌలు రసీదులు. బావి తవ్వించిన నాటి ఒప్పందం. మీ గేదె మా చేలో పడి మేసిందని పొరుగు రైతు రాసిన ఫిర్యాదు. దానికి మనవాళ్లు మండిపడుతూ రాసిన జవాబు — కోపం చల్లారాక పంపకుండా ఆపేసిన జవాబు. పెళ్లి కబుర్లు. చావు కబుర్లు. వాన పడిందనీ, పడలేదనీ కబుర్లు. అవే ఎక్కువ.

అన్నిటికీ నడుమ, ఎండ బాగా తగిలే చోట, ఆ ఒక్క ఉత్తరం.

గింజలావిడ ఉత్తరం.

ఆవిడ ఈ ఇంటి ఆడపిల్ల. చిన్న వయసులోనే పెళ్లయి ఎక్కడో దూరం వెళ్లిపోయింది. ఓ ఏడాది వానలు మొహం చాటేశాయి. ఇంట్లో తినడానికి లేక, దాచిన విత్తనం కూడా వండుకుని తిన్నారు. రైతు విత్తనం తినేశాక ఇంక మిగిలేదేముంటుంది? అప్పుడు ఆవిడ అక్కణ్నుంచి వదినగారికి ఓ బస్తా విత్తనాలు పంపింది. బస్తా మూతి దగ్గర, గింజల్లో గుచ్చి, ఉత్తరం.

ఆ గింజలు మొలిచాయి. చేను నిలబడింది. చేను నిలబడితే ఇల్లు నిలబడింది. ఈ పెరడూ, ఈ గోడా, ఈ నీడా ఆ బస్తాలోంచి మొలిచినవేనని అత్తగారు చెప్పేది. ఆ కృతజ్ఞత ఎంతదంటే, ఉత్తరాన్ని గింజల్లోంచి విడదియ్యడానికి ఎవరికీ చేతులు రాలేదు. గింజలతో వచ్చింది, గింజలతోనే ఉండనీ అన్నారు. గింజలు ఎండలోకి వెళితే అదీ ఎండలోకి వెళ్లింది. గింజలు కుండలోకి వెళితే అదీ కుండలోకి వెళ్లింది.

నూరేళ్లు దాటి, ఇంకా ఎన్నో ఏళ్లు... అలాగే.

కొత్త కోడలిగా వచ్చిన ఏడాది ఎండమ్మ ఆ ఉత్తరాన్ని చదవబోయింది. అప్పటికే అక్షరాలు బాగా పలచబడ్డాయి. పైన ఒక్క మాట మాత్రం కనిపించింది. వదినకు.

అంతే. వదినకు. మిగతాదంతా నీళ్లలో పడిన నీడ.

ఆ ఒక్క మాటకే ఆమె ఆ ఉత్తరానికి దాసోహమైపోయింది. ఈ ఇంట్లో ఆమె కూడా ఒకరికి వదిన మరి.

పోయేముందు అత్తగారు ఆమె చెయ్యి పట్టుకుని ఏవేవో అప్పగింతలు పెట్టింది. ఆవులు, చుట్టాలు, కొడుకు ముక్కోపం. చివర్లో, గొంతు తగ్గించి, అది మాత్రం జాగ్రత్త అంది. ఏది అని ఆమె అడగలేదు. అత్తగారు చెప్పలేదు.

అందుకే ప్రతి వేసవికీ, అన్నిటికంటే ముందు ఆ ఉత్తరాన్నే పరిచేది. అన్నిటికంటే చివర దాన్నే తీసేది. ఎండ దానికే ఎక్కువ దక్కాలని.

ఆ రోజు పొద్దు నడినెత్తి మీదికి వచ్చిన వేళకు ఆడపడుచు వచ్చింది.

మొగుడి చెల్లెలు. పట్నంలో, పాత కాగితాలు భద్రపరిచే ఆఫీసులో పని. చిరిగినవాటిని అతికిస్తుంది, బూజు పట్టినవాటిని తుడుస్తుంది. ఎండమ్మ ఆమెను కాగితాల డాక్టరమ్మ అని ఆటపట్టిస్తుంది. నాడి చూస్తావా, నాలుక చాపమంటావా అని అడుగుతుంది. వేసవిలో ఆ డాక్టరమ్మకు ఎప్పుడూ సెలవు దొరకదు. కోతలయ్యాక వస్తుంది. అప్పటికి కుండ అటకెక్కి ఉంటుంది, మూత తియ్యకూడదు. ఈ ఏడు మాత్రం వాళ్ల ఆఫీసు ఈ ఇంటి కాగితాలను తీసుకుని కలకాలం దాచడానికి ఒప్పుకుంది. వాటిని తీసుకెళ్లడానికే పని గట్టుకుని వచ్చింది.

పెరటి గుమ్మంలో అడుగుపెట్టి — ఆగిపోయింది.

చేతిలో గొడుగు ఉంది. ఆ గొడుగు తెచ్చి ఉత్తరాల మీద పట్టింది. తను ఎండలో నిలబడి, కాగితాలకు గొడుగు పట్టింది.

ఎండమ్మ పకపకా నవ్వింది. నీ నెత్తి మాడిపోతోంది, ముందు నీకు పట్టుకోవే తల్లీ అంది. ఆడపడుచు నవ్వలేదు. వంగి ఆ నడుమ ఉత్తరం మీది రాయి తీసింది. కాగితాన్ని రెండు అరచేతుల మీదికి ఎత్తుకుని నీడలోకి తెచ్చింది. అటు తిప్పింది. ఇటు తిప్పింది.

"ఏటా ఇలాగే పెడుతున్నావా వదినా?"

"నేను కొత్తగా మొదలుపెట్టానా? అత్తయ్య పెట్టేది కదే. ఈ రాళ్లు నువ్వు చిన్నప్పుడు ఏరుకొచ్చినవే."

ఆడపడుచు ఆ గులకరాళ్ల వంక చూసింది. నున్నటి రాళ్లు. పిల్లలు ఏరితే తప్ప అంత అందమైన రాళ్లు దొరకవు. చాలా మెల్లగా చెప్పింది. ఆ కాలంలో సిరా ఇంట్లో కాచుకునేవారు. ఆ సిరాకు ఎండ పడదు. ఎండలో పెట్టినప్పుడల్లా అక్షరం కొంచెం కొంచెంగా వెలిసిపోతుంది.

"ఎండే తినేసింది వదినా."

ఆమె తిట్టలేదు. తిట్టినా బాగుండేది.

ఎండమ్మ పీట మీద కూర్చున్నది కూర్చున్నట్టే ఉండిపోయింది. పురుగు తింటుందని ఎండలో పెట్టాం. తడి తింటుందని ఎండలో పెట్టాం. ఎండ తింటుందని... ఆ మాట ఎవరు అనుకున్నారు? అన్నిటికంటే ఎక్కువగా ప్రేమించిన దాన్ని అన్నిటికంటే ఎక్కువసేపు ఎండలో ఉంచింది. తన చేత్తో. ఈ చేత్తోనే.

ఆ పూట అన్నం సహించలేదు. మొగుడు ఏదో జోకు వెయ్యబోయి, ఆమె మొహం చూసి, నోటి దాకా వచ్చిన మాట మింగేసి లేచిపోయాడు.

కాగితాలన్నీ పెట్టెలో సర్దాక, నేనూ వస్తానంది. ఎందుకు వదినా, శ్రమ అంది ఆడపడుచు. ఎండమ్మ వినలేదు. అత్తయ్య నా చేతిలో పెట్టింది, నేనే దిగబెడతానంది.

బస్సులో పెట్టె ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. దారి మలుపు తిరిగినప్పుడల్లా ఎండ కిటికీలోంచి పెట్టె మీదికి వచ్చేది. ఆమె లేచి అవతలి సీట్లోకి మారేది. మళ్లీ మలుపు. మళ్లీ మారేది. ఎండమ్మ ఎండకు జడిసి సీట్లు మారుతోంది! మరో రోజైతే ఆ ముచ్చట ఏడాది పొడుగునా చెప్పుకుని నవ్వేవారు.

ఆడపడుచు పనిగది చల్లగా ఉంది. కిటికీలకు మందపాటి తెరలు. పొడవాటి బల్ల. దాని మీద మెత్తటి కుంచెలు, పిండి ఉడికించి చేసిన జిగురు, ఉల్లిపొర కంటే పలచటి కాగితం, కాగితాల మడతలు విప్పే నున్నటి ఎముక బద్ద. గోడ పొడుగునా అట్టపెట్టెలు. ఒక్కో పెట్టె మీద ఒక్కో ఇంటి పేరు.

వీళ్ల కోసం కొత్త పెట్టె సిద్ధంగా ఉంది. దాని మీద చీటీ అంటించి ఉంది: పందొమ్మిదో శతాబ్దపు రైతు కుటుంబం, ఉత్తరాలు, దస్తావేజులు.

మన గింజల కుండకు ఎంత పెద్ద పేరు పెట్టావే అంది ఎండమ్మ. అంత బాధలోనూ ఆ మాట అనకుండా ఉండలేకపోయింది.

ఆడపడుచు ఒక్కో కాగితమే తీసి, కుంచెతో బూడిద దులిపి, చూస్తోంది. మిగతావి వేరే సిరాతో రాసినవి, వాటికి ఎండా తక్కువే తగిలింది. రసీదులు బాగానే ఉన్నాయి. బావి ఒప్పందం అంచులు పెళుసుబారాయి కానీ అక్షరం గట్టిది. గేదె ఫిర్యాదు, పంపని జవాబు — ఆ తిట్లు నిన్ననే తిట్టినట్టున్నాయి. చూస్తూ చూస్తూ ఆమె ఓ సంగతి చెప్పింది. ఈ గదికి వచ్చే పాత పెట్టెల్లో చాలావాటికి మూత తీస్తే మట్టి వస్తుందట. చెదలు తిన్న మట్టి. ఏ ఇంటివో, ఎవరు రాశారో కూడా తెలియదట. మన కాగితాల మీద ఒక్క పురుగు గాటు లేదు, ఒక్క బూజు మచ్చ లేదు.

"అక్షరం పోయింది, ఒప్పుకుంటాను. కాగితం ఉంది కదా వదినా. కాగితం మిగిలితేనే నేను ఏమన్నా చెయ్యగలను. దాన్ని మిగిల్చింది అమ్మా, నువ్వూ."

ఎండమ్మ తల ఊపింది. ఊపింది కానీ మనసు ఊరుకోలేదు. ఉత్త కాగితం ఎందుకు? ఉత్త కాగితం ఏ కొట్లో అయినా దొరుకుతుంది.

చివరికి ఆ ఉత్తరం.

బల్ల మీద పరిచారు. తెల్లగా, ఖాళీగా ఉంది. వదినకు అన్న మాట కూడా లేదు. ఆ మాటను చివరగా చూసిన మనిషి తనేనని ఎండమ్మకు తెలుసు.

ఆడపడుచు పై దీపం ఆర్పింది. చీకటి. తర్వాత చిన్న దీపం ఒకటి తెచ్చి, బల్ల అంచున, కాగితమంత ఎత్తులో, పక్కకు వాల్చి పెట్టింది. వెలుగు పైనుంచి పడలేదు. పక్కనుంచి... నేలను రాసుకుంటూ వచ్చే సాయంకాలపు ఎండలా... కాగితం మీదుగా పాకింది.

ఎండమ్మ బల్ల మీదికి వంగింది.

పొలం ఆమెకు తెలుసు. మిట్టమధ్యాహ్నం చూస్తే దున్నిన నేల చదునుగా కనిపిస్తుంది. అదే పొద్దు వాలాక చూడాలి. ఒక్కో చాలూ తన నీడ తను పట్టుకుని లేస్తుంది.

లేచాయి.

కాగితం మీద చాళ్లు లేచాయి. సిరా లేదు. రంగు లేదు. కానీ కలం దున్నిన దారి ఉంది. గట్టిగా, లోతుగా, వంకరగా. అక్కడక్కడ కాగితం దాదాపు చిరిగేంత గట్టిగా. ఎండ సిరాను తిన్నది గానీ, ఆ చాళ్లను తినలేకపోయింది.

ఆడపడుచు కళ్లజోడు సరిచేసుకుని వంగింది. ఒక్కో మాటా కూడబలుక్కుంటూ, కొత్తగా బడికి వెళ్లే పిల్లలా చదివింది.

"వదినకు. ఇక్కడ అందరం క్షేమం. నువ్వు క్షేమమని తలుస్తాను. గింజలు పంపుతున్నాను. మా మామగారికి చెప్పే పంపుతున్నాను, దొంగతనంగా కాదు. బాగా ఎండబెట్టు. తడి ఉంటే మొలవవు. నాకు రాయడం ఈ మధ్యనే వచ్చింది. కలాన్ని కొడవలి పట్టినట్టు పట్టి ఒత్తుతున్నానని ఇంట్లో నవ్వుతున్నారు. కాగితం చిరుగుతుందంటున్నారు. నా రాత ఎవరికీ చూపించకు. చదివించుకుని పొయ్యిలో పెట్టెయ్యి."



ముందు ఎవరు నవ్వారో తెలియదు. ఇద్దరూ నవ్వారు. పొయ్యిలో పెట్టెయ్యమంది! ఇన్ని తరాలు, ఇంతమంది కోడళ్లు, కంటికి రెప్పలా కాచుకున్న ఉత్తరం — చదివి పొయ్యిలో పెట్టెయ్యమని రాసిన ఉత్తరం! నవ్వి నవ్వి ఎండమ్మకు కళ్లనీళ్లు వచ్చాయి. కాగితం మీద పడతాయేమోనని గబుక్కున వెనక్కు జరిగింది. వెనక్కు జరిగాక అవి నవ్వు నీళ్లు కావని తెలిసింది.

ఆ పిల్ల సిగ్గుపడింది. గట్టిగా ఒత్తి రాస్తున్నానని సిగ్గుపడింది. చక్కగా, నాజూగ్గా, నలుగురూ మెచ్చుకునేలా రాసి ఉంటే ఈ రోజు ఇక్కడ ఏమీ ఉండేది కాదు. ఏ రాతను చూసి నవ్వారో, ఆ రాతే మిగిలింది.

ఆ పిల్లకు ఎండమ్మ మనసులోనే దణ్ణం పెట్టుకుంది. నవ్వుతూనే ఆ పిల్ల చేతికి కలం ఇచ్చిన ఎవరో తెలియని వాళ్లకు పెట్టుకుంది. గింజలు పంపించనిచ్చిన ఆ మామగారికి పెట్టుకుంది. ఎవరిచేతనో ఉత్తరం చదివించుకుని, సరే పొయ్యిలో పెడతాలే అనుకోకుండా, మళ్లీ గింజల్లో గుచ్చేసిన ఈ ఇంటి పాత కోడలికి పెట్టుకుంది. ఆ పిల్ల మాట విననందుకు. ఎంత మంచి పని చేసిందో! అత్తగారికి, ఆవిడ అత్తగారికి... వరసగా, కుండ దించిన చేతులన్నిటికీ.

అలా వరస పెట్టుకుంటూ వస్తే, చివర తన చేతులే కనిపించాయి. వాటి మీద కోపం పోయింది. కొంచెం సిగ్గు మాత్రం మిగిలింది, అది ఉండదగినదే.

నీ చిన్నప్పటి రాళ్లకు కూడా దణ్ణం పెట్టుకున్నానే అంది ఆడపడుచుతో. దేనికో చెప్పలేదు. ఆడపడుచు అడగలేదు. వదిన భుజం మీద చెయ్యి వేసి, అలాగే ఉంచింది.

ఇక ఈ ఉత్తరం చీకటి పెట్టెలో ఉంటుంది. చల్లగా, ఎండ కంట పడకుండా. ఎవరైనా చూడాలంటే పక్కవాటుగా దీపం పెట్టి చూడాలి. ఎండమ్మ పెట్టె వంక చూసింది. పెరట్లో, పాత దుప్పటి కుడి సగం ఖాళీగా ఉండటం ఆమె కళ్ల ముందు కదిలింది.

"మరి వచ్చే వేసవికి నేనేం ఎండబెట్టనే?"

"గింజలు. ఆవిడ ఎండబెట్టమంది గింజల్నే కదా వదినా."

అవును. గింజల్నే.

ఆడపడుచు మళ్లీ దీపం ముందు వంగింది. పొయ్యిలో పెట్టెయ్యి అన్న మాట తర్వాత ఇంకో వరుస ఉంది. కాగితం అడుగున, మడత పడిన చోట. అక్కడ చాళ్లు చెదిరిపోయి ఉన్నాయి. దీపం ఇటు జరిపింది. అటు జరిపింది. ఏదో మాట సగం లేచి... మళ్లీ పడుకుంది. ఇంకోసారి చూద్దామంది. చూడు అంది ఎండమ్మ. నాకేం తొందర లేదంది.

అప్పుడే బయట మబ్బు తొలగినట్టుంది. కిటికీ తెరల సందులోంచి సన్నటి ఎండ గదిలోకి దూరింది. నేల మీద పడింది. బల్లకాలు పట్టుకుని ఎక్కింది. ఉత్తరం అంచు దాకా వచ్చింది...

ఎండమ్మ చెయ్యి చాపింది. తల తిప్పకుండానే, ఆపింది.

ఆమె అరచేతిలో ఎండ పడింది.